అక్షరము త్రిప్పి వ్రాయు పసివాడు
(మారేడుమిల్లి గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడుమని కార్యదర్శిగారు నన్నడిగినపుడు, భారతము నుండి యేదో యొక ఘట్టము నెత్తుకొందునని మీరందరును తలచియుందురు. ఆ యపవాదు నాకు చిరకాలముగా నున్నది. నేను గ్రామ లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. కళాశాల మెట్లెక్కినవాడను కాను. పగలు అడంగలు, రాత్రి ఆంధ్రమహాభారతము, ఇదియే నా చదువు. ఐనను నేడు భారతము జోలికి పోను. మన గ్రంథాలయపు వెనుక గదిలో బీరువా ప్రక్కన ఇసుక పళ్ళెమొకటి గలదు. అది యెందుకున్నదని పలువురు నన్నడిగిరి. నేడు దానిని గూర్చి చెప్పదలచితిని. అది చెప్పవలెనన్న ముందుగా నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది.

ఇరువది యేండ్ల క్రిందటి మాట. అప్పుడు నేను సాయంకాలములందు ఈ గ్రంథాలయపు అరుగుమీద పిల్లలకు అక్షరములు చెప్పుచుంటిని. కొండరెడ్ల గూడెము నుండి ఒక పిల్లవాడు వచ్చెడివాడు. వయస్సు ఆరేండ్లుండును. చెప్పినది చప్పున గ్రహించెడివాడు, చెట్ల పేర్లు, పిట్టల పేర్లు నాకే నేర్పెడివాడు. పలక పట్టెనా, తలకట్టు అటుదిటుగా పెట్టును. కొమ్మును అక్షరమునకు ఎడమ ప్రక్కన తగిలించును. 3 అంకె నోరు ఎడమకు తెరువవలసినది కుడికి తెరచును. నాలుగు దినములు దిద్దించితిని. ఐదవనాడు నాకు ఓపిక నశించెను. పలకను లాగికొని అందరి యెదుట ఎత్తిచూపి, “చూడుడు, వీడు అద్దములో చూచి వ్రాయుచున్నాడు” అంటిని. పిల్లలందరును నవ్విరి. వాడును నవ్వెను. మరునాడు రాలేదు. ఆ తరువాత ఎన్నడును రాలేదు. నేనును వెదకబోలేదు.

రెండేండ్ల క్రిందట అటవీ హక్కుల పత్రము నకలు కొరకు ఒక యువకుడు నా బల్లయొద్దకు వచ్చెను. రిజిస్టరు ముందుకు త్రోసితిని. నేను చెప్పక మునుపే సిరాడబ్బీ దగ్గరకు లాగికొని ఎడమ బొటనవ్రేలు అద్దెను. “సంతకము రాదా నాయనా?” అని యడిగితిని. అతడు నా ముఖము చూచి, “నా చెయ్యి తిరగేసి రాత్తాది కదండీ. చిన్నప్పుడు మీరే అన్నారు గదా” అనెను. నిష్ఠూరముగా ననలేదు. ఊరిపేరు చెప్పినట్లు, తన చేతికి గల గుణమొకటి చెప్పినట్లు చెప్పెను. ఆ వ్రేలిముద్ర యున్న పుట ఇప్పటికిని నా రిజిస్టరులో నున్నది.

అతనికి ఒక కూతురు గలదు. నేడామెకు ఆరేండ్లు. ఆమెయు పలకమీద త్రిప్పి వ్రాయునని ఆ దినముననే అతని నోట వింటిని. ఈ విషయమును గూర్చి చదువుట నేను అప్పుడు మొదలిడితిని. ఆ చదివినదియు, ఆ బాలికతో కూర్చుండి కన్నదియు మీకు మనవి చేయుదును.

మొదట తెలియవలసినదేమనగా, ఇది పిల్లవాని తప్పు కాదు, మొద్దుతనమును కాదు. నాలుగు మొదలు ఏడేండ్ల ప్రాయము వరకు, వ్రాత నేర్చు పిల్లలలో చాలమంది ఏదో యొక వేళ అక్షరమునో అంకెనో త్రిప్పి వ్రాయుదురు. ఎనిమిదవ యేడు వచ్చునప్పటికి చాలవరకు అది దానంతట అదియే పోవును.

ఎందుకిట్లు వ్రాయుదురు? గొడ్డలిని గోడకు ఆనించినపుడు దాని మొన కుడికున్నను ఎడమకున్నను అది గొడ్డలియే. మేక అటు తిరిగి మేసినను ఇటు తిరిగి మేసినను మేకయే. పులి మనకు కుడివైపు నుండి వచ్చెనా, ఎడమవైపు నుండి వచ్చెనా అని తర్కించి, తరువాత పులియని నిర్ణయించువాడు బ్రదుకడు. కావున వస్తువును ఏ ప్రక్క నుండి చూచినను ఒకటిగనే గుర్తించు నేర్పును ప్రకృతి మన మెదడునకు ఇచ్చినది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు స్టానిస్లాస్ డెహేన్ 2007లో ప్రకటించిన గ్రంథమునందు ఈ సంగతిని విపులముగా చర్చించెను. చదువు నేర్చుటయనగా క్రొత్త నేర్పును సంపాదించుట మాత్రమే కాదనియు, ఈ పాత నేర్పును అక్షరముల మట్టుకు మరచుట కూడ ననియు ఆయన చెప్పినదాని సారము. లోకములోని వస్తువులన్నియు ఎటు తిరిగినను అవియే, అక్షరములు మాత్రము అట్లు కావని పసివానికి ఎవరు చెప్పిరి? మనము చెప్పలేదు. చెప్పకుండగనే బెత్తము తీసితిమి.

పిల్లలు అన్నిటిని సమానముగా త్రిప్పరు. ఫ్రాన్సులోనే ఝాన్ పాల్ ఫిషర్ అను నాయన ఐదారేండ్ల పిల్లల వ్రాతలను పరిశీలించి, ఎడమకు మొగము పెట్టియుండు గుర్తులనే పిల్లలు హెచ్చుగా త్రిప్పుదురని కనుగొనెను. 3, 7 అంకెలు, ఇంగ్లీషులో జె, జెడ్ అట్టివి. వ్రాత ఎడమ నుండి కుడికి నడచుట చూచి, గుర్తులన్నియు కుడికే మొగము పెట్టవలెనని పిల్లవాడు తనలో తానొక సూత్రము కల్పించుకొనునట. ఇది చదివినప్పుడు నాకు ఆ పిల్లవాని 3 జ్ఞప్తికి వచ్చెను. వాడు ఒక సూత్రమును పాటించియుండును. నేను దానిని చూడనైతిని.

మన లిపి సంగతి కొంత వేరు. ఇంగ్లీషున బి అక్షరమును త్రిప్పిన డి యగును, పి అక్షరమును త్రిప్పిన క్యూ వంటిదగును. ఒకటి త్రిప్పగా మరొకటి యగు అచ్చమైన అద్దపు జంట తెలుగు వర్ణమాలలో నాకు కానరాలేదు. తెలుగు అక్షరము త్రిప్పిన అది ఏ అక్షరమును కాదు, వట్టి గీత. కావున త్రిప్పుట వలన అర్థము చెడదు, చూచువాని కన్ను నొచ్చును, అంతియే. మన పొరుగున తమిళ లిపియు ఇట్టిదే. ఎరిక్ పెడర్సన్ అను పరిశోధకుడు 2003లో ప్రకటించిన వ్యాసమునందు చదువురాని తమిళులను, తమిళము మాత్రమే చదివినవారిని, తమిళముతో పాటు ఇంగ్లీషు లిపియు చదివినవారిని పోల్చి చూపెను. బొమ్మకును, దాని అద్దపు బొమ్మకును గల భేదమును పాటించుటలో తమిళము మాత్రమే చదివిన పెద్దలు చదువురానివారి వలెనే యుండిరట. ఇంగ్లీషు లిపి వచ్చినవారే ఆ భేదమును గట్టిగా పట్టుకొనిరట. ఈ కాలమున మన పిల్లలకు రెండు లిపులును ఒకేసారి మీద పడుచున్నవి. తెలుగున అక్కరలేని జాగ్రత్త ఇంగ్లీషున కావలసి వచ్చుచున్నది. ఉపాధ్యాయ మిత్రులు దీనిని గమనింపవలెనని కోరుచున్నాను.

తెలుగున పిల్లలను బాధించునవి వేరు. ప, వ, ద, డ, ప, ఫ, ష, స, ఘ, మ, వు. చుక్క పెట్టిన ఠ, తీసిన ర. ఇవి త్రిప్పుట వలన కలుగు బాధలు కావు, పోలిక వలన కలుగునవి. రెండింటిని ఒకే గాటను కట్టి “తప్పు” అని గీత గీయుట వైద్యుడు జ్వరమునకును, ముల్లు గ్రుచ్చుకొనినదానికిని ఒకే మందు పూసినట్లుండును.

ఇచట కొంచెము ప్రక్కదారి పట్టెదను, క్షమింపుడు. ‘సవ్యము’ అను మాటను మనము సరియైనది అను నర్థమున వాడుదుము. సంస్కృతమున సవ్యమనగా ఎడమ. అర్జునుడు ఎడమచేతితో కూడ బాణము సంధించును గనుకనే సవ్యసాచి యయ్యెను. ఎడమను చెప్పు మాట మన నోట తిన్ననిదానికి పేరైనది, ‘అపసవ్యము’ తప్పుదానికి పేరైనది. పెద్దలమైన మనమే మాటను ఇట్లు త్రిప్పివేసికొని, పసివాడు తలకట్టు త్రిప్పిన కోపింతుము. అంతే కాదు. దైవజ్ఞ సూర్యపండితుడు ముందునుండి చదివిన రామకథయు, వెనుకనుండి చదివిన కృష్ణకథయు వచ్చునట్లు విలోమ కావ్యము రచించెను. మన పింగళి సూరన కళాపూర్ణోదయమున ముందునుండి తెలుగు, వెనుకనుండి సంస్కృతము అగు పద్యము కూర్చెను. వారిని మహాకవులంటిమి. లియొనార్డో డావిన్సీ తన పుస్తకముల నిండ అద్దపు వ్రాత వ్రాసికొనెను, ఆయన ఎడమచేతివాడు. నేటికిని ముద్రలు చెక్కువాడు అక్షరమును త్రిప్పియే చెక్కవలెను. సీసపు అక్షరములు పేర్చు కాలమున అచ్చుకూటములందలి కూర్పరులు త్రిప్పిన అక్షరములనే చదివి కూడు సంపాదించుకొనిరి.

మరల దారికి వత్తము. 1925లో అమెరికా వైద్యుడు సామ్యూల్ ఆర్టన్, చదువు రాని పిల్లల మెదడులో రెండు భాగములును అక్షరము యొక్క రెండు రూపములను దాచుకొని కలహించుననియు, అందువలననే వారు త్రిప్పి చదువుదురనియు ఒక వాదము చేసెను. ఆ వాదము చాలకాలము నిలిచెను. 1970ల నుండి ఫ్రాంక్ వెల్లుటినో మొదలగువారి పరిశోధనలు దానిని తలక్రిందు చేసెను. చదువునందు నిజముగా వెనుకబడు పిల్లల చిక్కు ముఖ్యముగా కంటిలో లేదు, మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకొనుటలో నున్నదని తేలెను. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ అను హిందీ చలనచిత్రము మంచిది, నేనును కంట నీరు పెట్టుకొంటిని. కాని దానిని చూచినది మొదలు అక్షరము త్రిప్పిన ప్రతి పిల్లవానికిని ఆ జబ్బే యని కొందరు తల్లిదండ్రులు బెంగపడుచున్నారు. అక్షరము త్రిప్పినంత మాత్రమున అది డిస్లెక్సియా కాదు.

ఇక పళ్ళెము సంగతి. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్, తెలుగునకు 1816లో వ్యాకరణము వ్రాసిన దొర, 1823 ఆగస్టు 17వ తేదీన తన జిల్లాలోని బడులను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. 533 బడులు, 6,641 మంది పిల్లలు, వేయిమంది జనమునకు ఏడుగురు కూడ చదువుటలేదని వాపోయెను. ఆ నివేదికలోనే, పిల్లవాడు బడిలో చేరగానే నేలమీద ఇసుకలో వ్రేలితో వ్రాసియే అక్షరములు నేర్చుననియు, ఐరోపాలో వలె ముందు వల్లించి కాదనియు చెప్పెను. ఇసుకలో చేయి తిరిగిన పిమ్మటనే తాటాకు, గంటము, కాగితము. అంతకు ముందే చెన్నపట్టణమున ఎగ్మూరు అనాథ బాలుర శాలను నడపిన ఆండ్రూ బెల్, మన దేశపు పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. మద్రాసు పద్ధతియని దానికి ఇంగ్లండులో పేరు వచ్చెను. 1939లో అడయారు వచ్చిన మేరియా మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరములను పిల్లలచేత వ్రేలితో తడిమించుటయు ఆ కోవలోనిదే. మన వీధిబడులు విడిచిన ఇసుక లోకమంతయు తిరిగి వచ్చినది.

నేను మొదట వెదురు చేటలో ఇసుక పోసితిని. సందులలోనుండి రాలి పోయెను. గుడ్డ పరచితిని, గుడ్డ ముడుతలు పడెను. తుదకు మన వడ్రంగి మూర పొడవు, జానెడు వెడల్పు గల చెక్కపళ్ళెము చేసి యిచ్చెను. పాములేటి ఇసుక జల్లించి పోసితిమి. వ్రేలి క్రింద ఇసుక కరకరలాడును. చేయి దారిని చేయియే గుర్తు పెట్టుకొనును. తప్పైన పళ్ళెము కదపిన చాలు, ఏమియు మిగులదు. పలకమీద తుడిచిన గీత కూడ కొంత కనబడును, ఎర్రసిరా గీత సరే సరి. ఇసుకకు ఆ జ్ఞాపకము లేదు. ఆ బాలికకు అదియే నచ్చినది.

పనికిరానివి కూడ చెప్పవలెను. చుక్కల అక్షరముల మీద దిద్దించు పుస్తకము తెచ్చితిని. ఆమె చుక్కలను కలుపుచున్నదే కాని, తోచిన చోట మొదలు పెట్టుచున్నది. ఆకారము సరిగా వచ్చుచున్నది, నడక మాత్రము రాలేదు. అద్దము పెట్టి చూపితిని. ఆమె అక్షరమును మాని తన మొగము చూచుకొనెను. విల్లు పట్టు చేయి ఎడమ, నారి లాగు చేయి కుడి యని కొండమాటలో చెప్పబోతిని. “నేనెప్పుడు పట్టుకున్నాను విల్లు? అన్న పడతాడు” అనెను. నా పాండిత్యమంతయు ఇసుక పాలయ్యెను. “అన్నము తిను చేతివైపు” అన్నది మాత్రము పనిచేసినది.

పనికి వచ్చినవి చిన్నవే. పళ్ళెమునకు ఎడమ అంచున ఒక చింతగింజ అంటించితిని. వ్రాత అక్కడ నుండి బయలుదేరవలెను. ప్రతి అక్షరమునకును మొదలు ఎక్కడనో ఒక్క చుక్క నేను పెట్టుదును, తక్కినది ఆమె నడక. వ్రాయుచు నోటితో చెప్పవలెను. తలకట్టునకు “క్రిందికి చిన్నది, పైకి పెద్దది”, కొమ్మునకు “అన్నము చేతి ప్రక్క”. ఒక అక్షరము చేతికి స్థిరపడు దాక దాని పోలికదానిని చూపరాదు. ద నేర్చిన వారమున డ వద్దు. ఇంగ్లీషు బి నేర్చినపుడు డి కొన్నాళ్ళు ఆగవలెను. తరువాత బి యన్నచో ముందు కర్ర, తరువాత పొట్ట. డి యన్నచో ముందు పొట్ట, తరువాత కర్ర. మొదట చేయి మొత్తము కదల్చి గాలిలోను, నేలమీదను పెద్దవిగా వ్రాయించి, పిమ్మటనే పలకకు దింపవలెను. దినమునకు పది నిమిషములు చాలును. త్రిప్పి వ్రాసినపుడు “తప్పు” అనలేదు. “చింతగింజ యెక్కడ?” అని యడిగితిని, అంతియే. నాలుగు నెలలకు తలకట్లు తిన్నగా నిలిచెను. 3 మాత్రము అప్పుడప్పుడు ఇప్పటికిని తిరుగును. తిరుగనిండు.

నాకు తిరుగదా? లెక్కలవాడను, నా గుట్టు చెప్పెదను. మొత్తములు కలియనపుడు, తేడా తొమ్మిదిచేత నిశ్శేషముగా భాగింపబడినచో, ఏదో యొకచోట ప్రక్కప్రక్క అంకెలు రెండు తారుమారు చేసితినని అనుమానింతును. 63కు 36 వ్రాసిన తేడా 27. 4,520కి 4,250 వ్రాసిన 270. పదులస్థానము ఒకట్లకును, ఒకట్లది పదులకును మారిన తేడా ఎప్పుడును తొమ్మిదికి గుణకమే యగును. ఈ యుపాయమును లెక్కలవారు తరతరములుగా వాడుచున్నారనగా, తరతరములుగా త్రిప్పి వ్రాయుచున్నారనియే గదా.

ఎడమచేతి పిల్లలను గూర్చి ఒక్క మాట. చేయి మార్పింపకుడు. నాకు చిన్నతనమున ఒక బడిలో మార్పించిరి. ఇప్పటికిని కలము కుడిచేత, కత్తి ఎడమచేత పట్టుదును. ఆ బడిలో మొదటి రెండేండ్లు నేనేమి నేర్చితినో జ్ఞప్తి లేదు, వ్రేళ్ళ కణుపుల నొప్పి మాత్రము జ్ఞప్తి యున్నది. ఎడమచేతివాడు వ్రాసినది తన చేతితోనే కప్పుకొనును గనుక పలకను కొంచెము కుడివైపునకు వాల్చి పెట్టిన చాలును.

కోయ మాటలాడు పిల్లల సంగతి మరొకటి. వారు తెలుగక్షరము త్రిప్పిన అది చేతి చిక్కో, మాట తెలియని చిక్కో విచారింపవలెను. తెలియని మాటకు గీసిన అక్షరము, పేరు తెలియని ఊరికి వేసిన బాట. సవర భాష నేర్చి, సవర పిల్లల భాషలోనే వారికి చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ సంగతిని నూరేండ్లకు పూర్వమే గ్రహించిరి. గ్రాంథికముపై యుద్ధము చేసిన ఆ మహనీయుని నేను గ్రాంథికముననే స్తుతించుచున్నాను. ఆయన వినియున్నచో నవ్వి యుందురు.

ఎప్పుడు వైద్యుని చూడవలెను? ఎనిమిదేండ్లు నిండినను త్రిప్పుట తగ్గకున్నను, దానితో కూడ పదములోని మొదటి ధ్వని యేదో చెప్పలేకున్నను, తోడి పిల్లలు చదువు చిన్న వాక్యమును చదువలేకున్నను, అప్పుడు చూపింపవలెను. మొదట కన్ను, చెవి పరీక్ష చేయింపుడు. కనబడని పిల్లవానిని, వినబడని పిల్లవానిని మొద్దని కొట్టిన ఇండ్లు నాకు తెలియును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి చదువు చిక్కులను కూడ తన జాబితాలో చేర్చినది. ఆ పిల్లలకు బడిలోను, పరీక్షలలోను సహాయము అడుగుట దయ కోరుట కాదు, హక్కు.

ఆ బాలిక తండ్రి సంగతి అడుగుదురని యెరుగుదును. అతడు ఆమెను ప్రతి సాయంకాలము భుజముమీద ఎక్కించుకొని తెచ్చును. నా రిజిస్టరులో ఇంకను వ్రేలిముద్రయే వేయును, నేనేమియు అనను. ఆమె ఇసుకలో వ్రాయుచుండగా అతడు ప్రక్కన చతికిలబడి కూర్చుండును. దీపము పెట్టు వేళకు అతని వ్రేలు కూడ పళ్ళెములో ఆ మూలను కదలుచుండును. నేను అటు చూడను, నా పుస్తకము చూచుకొందును.

పళ్ళెము ఒక్కటే యున్నది. కావలసినవారు కార్యదర్శిగారితో చెప్పి వారము దినములకు తీసికొనిపోవచ్చును. ఇసుక తడియకుండ చూచి, జల్లించి తిరిగి యిచ్చిన చాలును. చింతగింజ ఊడినచో మరొకటి అంటింపుడు, ఎడమ అంచుననే సుమా.